గట్టి క్లచ్చు, వీరభద్రప్ప ఎడమచెయ్యి

కోడుమూరు దాటి హంద్రీ నది వైపు పోయే మట్టిదారిలో వీరభద్రప్ప తోట ఉంది. తోట అంటే మామిడిచెట్లు ఊహించుకోవద్దు. ఉల్లి, అక్కడివాళ్ళ మాటలో ఎర్రగడ్డలు, మిరప, ఓ మూల పశువుల కోసం జొన్న, అంతే. ఆ జొన్నచేను పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో గోనెపట్టాల కింద ఒక మోటారుసైకిలు. ఊరి జనం దాన్ని మిడతబండి అనేవారు. ముందుచక్రం మీది మడ్గార్డు పైకి లేచి, సీటు నడుమెత్తు ఉండి, పొగగొట్టం పేగులా మెలికలు తిరిగి, కాసేపు చూపు తిప్పుకుంటే ఎగిరిపోయేలా కనిపించేది.

వీరభద్రప్ప మీసం నల్లగా ఉన్న రోజుల్లో ఆ బండి నిజంగానే ఎగిరేది. చదువుకోమని తండ్రి బెంగుళూరు పంపితే ఆయన అక్కడ మట్టి రేసులు నేర్చుకొచ్చాడు. గుట్టలు, గుంతలు, బురద చూసి మరీ బండ్లు తోలే పందేలవి. ఒక కాఫీతోట ఆసామి రేసులు మానుకుంటూ తన విదేశీ బండ్లు రెండూ అమ్మకానికి పెడితే, ఒకటి వీరభద్రప్ప కొన్నాడు, రెండోది కోసిగి బసవన్న కొన్నాడు. బండ్లు కవలపిల్లల్లా ఉండేవి. వాటి మీద కూర్చున్నవాళ్ళకు మాత్రం ఒకరంటే ఒకరికి పడేది కాదు. హైదరాబాదులో గానీ, కొల్హాపూరులో గానీ, ఎక్కడ పందెం జరిగినా ముందు వీళ్ళిద్దరిలో ఒకడుండేవాడు, వెనక రెండోవాడు తిట్టుకుంటూ వచ్చేవాడు. తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి, సేద్యాలు మెడకు పడ్డాయి, బోర్లు ఎండిపోయాయి, మళ్ళీ వేయించారు. మిడతబండి గోనెపట్టాల కిందికి చేరింది.

అరవై దాటాక, పిల్లల బాధ్యతలు తీరాక, ఆయనకు దాని మీద మళ్ళీ మనసు పుట్టింది. కర్నూలు నుంచి ఏసన్నను పిలిపించాడు. ఏసన్న పాత బండ్ల మెకానిక్కు. రేసుల కాలంలో పానాల పెట్టె భుజాన వేసుకుని ఈయన వెంట ఊరూరా తిరిగినవాడు. చేతులు ఎంత పని చేస్తాయో నోరు అంతకు రెండింతలు పనిచేస్తుంది. ఇంజను విప్పి, కడిగి, బిగించి, ఒక ఎండాకాలం ఉదయం బండిని వాకిట్లో నిలబెట్టాడు.

చుట్టుపక్కల చేలవాళ్ళంతా వచ్చారు. వీరభద్రప్ప పంచె విప్పి ప్యాంటు తొడిగాడు, మీసం సవరించుకున్నాడు, ఒక్క తన్ను తన్నాడు. బండి కేక పెట్టింది. నీలం పొగ కమ్ముకుంది. కోళ్ళు పారిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. అంతవరకూ అంతా బాగానే జరిగింది. గేరు వేయడానికి ఆయన ఎడమచేత్తో క్లచ్చు నొక్కాడు. పిడి సగం దూరం వచ్చి, అక్కడ కాళ్ళు బారచాపుకుని కూర్చుంది. ఆయన పళ్ళు బిగించాడు. మెడనరాలు లేచాయి. పిడి మాత్రం రాలేదు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడమెలా అని, రానంత మేరకు దేవుడి మీద వదిలేసి గేరు తొక్కాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. వీరభద్రప్ప మాత్రం ఆగలేదు. ఎరువు మూటల మీద పోయి కూర్చున్నాడు.

“చలికి కేబులు బిగుసుకుండాది,” అన్నాడు లేచి దుమ్ము దులుపుకుంటూ.

అది మే నెల. ఏసన్న ఊరుకోలేకపోయాడు.

“అన్నా, చలీ ల్యా ఏమీ ల్యా. ఈ బండి క్లచ్చు మొదట్నుంచీ ఇంతే గట్టి. అప్పుడు నీ చెయ్యి వేరే. నువ్వు ఊఁ అను, మెత్తటి కేబులు ఏసి, ఇంజను కాడ ఒక చిన్న మార్పు చేస్తా. రెండు వేళ్ళతో నొక్కొచ్చు.”

“ముట్టుకున్నావంటే చూడు!” అని గుడ్లురిమాడు వీరభద్రప్ప. “ఆ ఆసామి కాడ ఎట్లా కొన్నానో అట్లే ఉండాల. ఒక్క బోల్టు మారినా అది నా బండి కాదు. రెండు వేళ్ళతో నొక్కేదానికి నేనేమన్నా స్కూటీ నేర్చుకుంటాండానా?”

వాకిట్లో జొన్నలు చెరుగుతున్న ఆయన భార్య శివకుమారి తల కూడా ఎత్తలేదు. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ చెవులకు చేట అడ్డం పెట్టుకోలేదు.

వానలు వెనకపట్టే సమయానికి హర్షవర్ధన్ అనే కర్నూలు కుర్రవాడు తోటకు వచ్చాడు. పాత బండ్లంటే ప్రాణం పెట్టే కుర్రాళ్ళ సంఘానికి అతను పెద్ద. దసరా అయ్యాక కర్నూలు బయట బీడుభూమిలో మట్టి రేసు పెడుతున్నామని, పాతకాలం రేసర్లు మొదట ఒక్క చుట్టు తిరిగి చూపిస్తే చాలని బతిమాలాడు.

“ఒక్క చుట్టే కదప్పా, చూద్దాంలే,” అన్నాడు వీరభద్రప్ప బెట్టుగా. “ఇంగెవరెవరొస్తాండారు?”

“కోసిగి బసవన్నగారు వస్తామన్నారు సార్.”

ఆ పేరు వినగానే వీరభద్రప్ప ఛాతీ చొక్కా గుండీలను పరీక్షకు పెట్టింది. “రాసుకోప్పా నా పేరు. మొదట నాది రాసి, ఆ కింద వాంది రాయి.”

కుర్రవాడు వెళ్ళిపోయాక ఆయన తన ఎడమచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. బండిని మార్చనన్నాడు కాబట్టి ఇక మార్చగలిగింది చేతినే.

మరుసటి పొద్దు నుంచి ఆ ఇంట్లో పిండకుండా మిగిలిన వస్తువు లేదు. మొదట రబ్బరు బంతి పిండాడు. తర్వాత నిమ్మకాయలు పిండాడు. ఇంటికి ఎవరొచ్చినా షర్బత్తు తాగకుండా వదల్లేదు. శివకుమారి ఉతికి జాడించిన దుప్పట్లు లాక్కుని ఎడమచేత్తోనే పిండాడు. ఆ పని ఆమెకు నచ్చింది, పెళ్ళయిననాటి నుంచి ఉతకని పరదాలు కూడా తీసి తడిపి ఇచ్చింది. చివరికి చెంబు పట్టుకుని ఎనుము దగ్గరికి పోయాడు. ఎడమచెయ్యి ఒక్కదానితోనే పాలు పితుకుతానని కూర్చుంటే ఎనుము కాసేపు ఓర్చుకుంది, వెనక్కి తిరిగి ఒకసారి చూసింది, ఆ తర్వాత చెంబును ఒక వైపు, ఆయన్ని ఒక వైపు పంపింది.

“దానికి క్లచ్చు ల్యా సామీ,” అంది శివకుమారి చెంబు ఏరుకుంటూ.

ఇంత చేసినా పిడి మాత్రం సగంలోనే కూర్చునేది. ఆయన రోజూ షెడ్డులోకి పోయేవాడు, లోపల ఒక మూలుగు వినిపించేది, బయటికి వచ్చేటప్పుడు ముఖం మామూలుగా పెట్టుకుని వచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన చేలో ఉండగా శివకుమారి షెడ్డులోకి పోయింది. జీవితమంతా జొన్నరొట్టెలు తట్టిన చెయ్యి ఆమెది, బావినీళ్ళు చేదిన చెయ్యి. కొంగు దోపుకుని, ఆ పిడి పట్టుకుని నొక్కింది. కదల్లేదు. రెండు చేతులూ వేసి లాగింది. బండి ఆమె మీదికి వాలిందే తప్ప క్లచ్చు పూర్తిగా రాలేదు. ఆమెకు ఒక్కసారిగా కోపం వచ్చింది. మొగుడి మీద కాదు, ఆ ఇనుము మీద. ఇంత మొండిదానితోనా ఈ మనిషి రోజూ కుస్తీ పడి, తనదే తప్పనుకుంటూ వస్తున్నది!

కొంగులోంచి సెల్లు తీసి ఏసన్నకు ఫోను కొట్టింది.

“ఏసన్నా, ఆ క్లచ్చు సంగతి చూస్తువు గానీ రా. ఆయన ఎర్రగడ్డలేసుకుని కర్నూలు మార్కెట్టుకు పోతాడు రేపు. నువ్వు ఆ దావన గాకుండా వేరే దావన రా.”

“వదినా, అన్నకు తెలిస్తే నన్ను పాతిపెడ్తాడు.”

“తెలిస్తే కదా.”

మరునాడు ఎర్రగడ్డల బండి అటు పోగానే ఏసన్న ఇటు దిగాడు. బిరుసెక్కిన పాత కేబులు పీకి, లోపల నున్నటి పూత ఉన్న కొత్తది వేసి, పదునైన మలుపు లేకుండా తిప్పి కట్టాడు. తర్వాత ఇంజను పక్కన కేబులు తగిలే చిన్న ఇనుప చేతిని విప్పి శివకుమారికి చూపించాడు. వేలెడంత ఉంది.

“ఇది పొట్టిగుండాది వదినా, అందుకే గట్టి. వాకిలిని కీలు కాడ తోసి చూడు, రాదు. గడి కాడ తోస్తే వేలితో వస్తాది. దీన్ని పొడుగు చేస్తే అంతే.”

“అయితే బాగా పొడుగు చెయ్యి,” అంది ఆమె.

ఏసన్న ఆలోచించాల్సిన చోట ఆలోచించకుండా, వదిన చెప్పింది కదా అని బాగానే పొడుగు చేశాడు. మెరిసే కొత్త ఇనుము కనపడకుండా పాత ఆయిలు పూసి, పైన షెడ్డులోని దుమ్ము చల్లాడు. సాయంత్రానికి అది ముప్పై ఏళ్ళ నుంచీ అక్కడే ఉన్నట్టు కనపడింది.

మర్నాడు పొద్దున షెడ్డులోంచి మూలుగు రాలేదు. “శివా!” అని కేక వచ్చింది. ఆమె పరుగెత్తింది. వీరభద్రప్ప బండి పక్కన నిలబడి క్లచ్చు నొక్కుతున్నాడు, వదులుతున్నాడు, మళ్ళీ నొక్కుతున్నాడు. కొత్తగా నడక వచ్చిన పిల్లాడి ముఖం.

“చూస్తివా! వచ్చేసింది బలం! దుప్పట్ల మహిమ ఇది!”

“ఔను సామీ, ఆ పరదాలు శానా బరువు కదా,” అంది శివకుమారి.

ఆయన ఆగలేకపోయాడు. బండి వాకిట్లోకి లాగి, తన్ని, గేరు వేశాడు. మిడతబండి గట్టు ఎక్కింది, కాలవ దూకింది, జొన్నచేను చుట్టూ దుమ్ము లేపుకుంటూ తిరిగింది. ముసలాయన ఫుట్‌రెస్టుల మీద కాళ్ళు పెట్టి లేచి నిలబడి అరుస్తున్నాడు. చుట్టు పూర్తిచేసి, భార్య ముందు దర్జాగా ఆపుదామని క్లచ్చు నొక్కాడు. ఇనుప చెయ్యి అవసరానికి మించి పొడుగైతే పిడి తేలికే అవుతుంది గానీ, లోపల క్లచ్చు ప్లేట్లు పూర్తిగా విడిపోవు. నొక్కినా నొక్కనట్టే లెక్క. బండి ఆగకుండా శివకుమారిని దాటి, కళ్ళాన్ని దాటి, జొన్నచొప్ప వామిలోకి దూరిపోయింది.

కాసేపటికి వామిలోంచి ఒక తల బయటికి వచ్చింది. మీసాల్లో చొప్ప ఇరుక్కుని ఉంది.

“ఎంత సులువుగా నొక్కినానో చూసినావా?” అంది ఆ తల.

శివకుమారి ఇంటి వెనక్కి పోయి ఫోను చేసింది. “ఏసన్నా, నువ్వు పెట్టిన చెయ్యి రొంత ఎక్కువైండాది. ఆయన వామిలో ఉండాడు.”

రెండోసారి ఆయన్ని బయటికి పంపడానికి మార్కెట్టు దొరకలేదు. పత్తికొండలో నిక్షేపంగా ఉన్న మేనత్తకు ఒంట్లో బాగా లేదని చెప్పి పంపింది. మేనల్లుడు అరటిపండ్లు పట్టుకుని పరామర్శకు రాగానే ఆ ముసలామె కంగారుపడి, తనకు తెలియని జబ్బేదో తనకుందేమోనని ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి పోయింది. ఈలోగా ఏసన్న ఇనుప చేతిని కొంత కోసి, కేబులు సరిచేసి, ఈసారి తానే తోలి చూసుకుని, ఆపి చూసుకుని, మళ్ళీ దుమ్ము చల్లి పోయాడు. ఇప్పుడు పిడి మెత్తగా వచ్చింది, బండి ఆగమన్న చోట ఆగింది.

బలం వచ్చిన మనిషి నోరు మూసుకుని ఉండడు కదా. కోడుమూరు బస్టాండు దగ్గర చిన్న ఈరన్న హోటల్లో ఉగ్గాని తింటూ వీరభద్రప్ప రోజూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. జిమ్ములూ వద్దు, పొడులూ వద్దు, తడిబట్ట ఒక్కటి చాలు, ముసలోడు పడుచోడవుతాడు, దానికి నేనే సాక్ష్యం అని ఎడమచెయ్యి పైకెత్తి చూపేవాడు. నమ్మినవాళ్ళు నమ్మారు. ఈరన్న టేబుళ్ళు తుడిచే గుడ్డను ఎండిపోయేదాకా పిండుతూ కూర్చునేవాడు. ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో మగవాళ్ళు బట్టల బక్కెట్ల దగ్గర తిరగసాగారు. ఆ నెల రోజులూ ఆడవాళ్ళు వీరభద్రప్పను చల్లగా ఉండమని దీవించారు.

రేసు రోజు వచ్చింది. కర్నూలు బయట ఎర్రమట్టి బీడులో గుట్టలు పోసి, తాళ్ళు కట్టి, మైకు పెట్టారు. కుర్రాళ్ళూ, వాళ్ళ బండ్లూ, బజ్జీల బండీ, జాతరలా ఉంది. బసవన్న ట్రాలీ మీది నుంచి తన బండిని దింపించుకుని, దాని మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నాడు. ఎడమచేతి మణికట్టుకు తెల్లటి కట్టు ఉంది.

“ఏమైండాదిరా చేతికి?” అన్నాడు వీరభద్రప్ప. ఎన్నో ఏళ్ళ తర్వాత కలిసినప్పటి పలకరింపు అది.

“బెణికిందిలే. ల్యాకుంటే ఈ పొద్దు నీకు నా దుమ్ము తినిపిస్తా ఉంటి.”

“బెణికిందంట! బెణికిందా, వయసైపోయిందా?” అని వీరభద్రప్ప చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు. హర్షవర్ధన్ మైకు పట్టుకుని దగ్గరికి వచ్చాడు. జనం మూగారు. అంతమందిని చూస్తే ఆయనకు ఇంకా ఊపు వచ్చింది. తడిబట్టల సంగతి మొదట్నుంచి చివరిదాకా మైకులో చెప్పాడు. చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

“కట్టు కట్టుకున్నోడి బండి ఊరికే నిలబడాల్నా? వాని బండి కూడా నేనే తోలి చూపిస్తా. ఒగే రకం బండ్లే కదా!”

దూరంగా శివకుమారి చేతిలోని బజ్జీ సగంలో ఆగింది. ఏసన్న మెల్లగా బజ్జీల బండి వెనక్కి జరిగాడు.

వీరభద్రప్ప బసవన్న బండి ఎక్కి, దర్జాగా రెండు వేళ్ళు వేసి క్లచ్చు నొక్కాడు. రాలేదు. నాలుగు వేళ్ళు వేశాడు. సగం వచ్చి, పాత స్నేహితుడిలా అక్కడ కూర్చుంది. కుడిచెయ్యి కూడా తెచ్చి లాగాడు. ముఖం కందిపోయింది. మైకు పక్కనే ఉండడం వల్ల షెడ్డులోని ఆ పాత మూలుగు బీడంతా వినిపించింది.

బసవన్న ఈలోగా వీరభద్రప్ప బండి దగ్గరికి పోయి, కట్టు ఉన్న చేత్తోనే క్లచ్చు నొక్కి చూశాడు. వెన్నలా వచ్చింది. వంగి కింద తడిమాడు. వేళ్ళకు నల్లటి ఆయిలు అంటింది, దాని వెనక ఇనుము తళుక్కుమంది.

“రేయ్ భద్రా! ఈ చెయ్యి యాడిదిరా? ఇంత పొడుగు మనకు ఎప్పుడుండె?”

వీరభద్రప్ప ఒక్కసారి ఆ ఇనుప చేతిని చూశాడు, తర్వాత భార్యను చూశాడు. శివకుమారి నీళ్ళసీసా మీది అక్షరాలు చాలా శ్రద్ధగా చదువుతోంది. బజ్జీల బండి కింది నుంచి ఏసన్న చెప్పులు కనిపిస్తున్నాయి. వామి గుర్తొచ్చింది. మేనత్త గుర్తొచ్చింది. దుప్పట్లు, పరదాలు, ఈరన్న హోటలు, అన్నీ వరసగా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. భూమి చీలితే దూరిపోయేవాడే. కానీ ఆ సిగ్గు అడుగున ఇంకొకటి మెత్తగా తగిలింది. ఈమె నెలరోజులుగా తనను గెలవనిచ్చింది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

మైకు అందుకున్నాడు.

“క్లచ్చు నేను తేలిక చేసుకోలా. మా ఆడమనిషి చేయించింది, నాకు చెప్పకుండా. బట్టలు పిండి మీ చేతులు నొప్పి పుట్టింటే నన్ను క్షమించండప్పా.”

జనం నవ్విన నవ్వుకు మైకు కుయ్యిమంది. ఆ నవ్వుల మధ్యలో బసవన్న వచ్చి ఆయన పక్కన నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. “ఆ చెయ్యి చేసినోడు యాడుండాడురా?”

“నీకెందుకు?”

బసవన్న అటూ ఇటూ చూసి మణికట్టు మీది కట్టు విప్పేశాడు. కింద వాపు లేదు, బెణుకు లేదు. “మా ఇంట్లోవాళ్ళకు బెణికిందని చెప్పినా. నొక్కలేకపోతాండానని ఎట్లా చెప్పేది?”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, ఆగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఏసన్నను బజ్జీల బండి వెనక నుంచి లాక్కొచ్చారు. పక్కనున్న ట్రాలీ రిపేరువాళ్ళ దగ్గర ఇనుప పట్టీ దొరికింది. కోసి, బెజ్జాలు వేసి, బసవన్న బండికి బిగించాడు. కేబులు మార్చడానికి లేదు కాబట్టి వెన్నలా రాలేదు గానీ, నాలుగు వేళ్ళతో నొక్కితే వచ్చింది.

ఇద్దరూ పక్కపక్కన బండ్లు నిలబెట్టారు. ఒక్క చుట్టు, అదీ మెల్లగా, గుట్టల మీద దూకడాలు వద్దని హర్షవర్ధన్ చేతులు జోడించి చెప్పాడు. ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు. జెండా ఊపగానే మొదటి మలుపు దాకా మెల్లగానే పోయారు. అక్కడ బసవన్న పక్కకు చూసి కన్ను గీటాడు. అంతే, మైకులో కుర్రవాడి కేకలు నీలం పొగలో కలిసిపోయాయి. రెండు మిడతలూ మొదటి గుట్ట మీద ఒకేసారి గాల్లోకి లేచాయి. ఒక్క చుట్టు అయిపోయింది. ఆగమని జెండా ఊపారు. వాళ్ళు జెండాకు చెయ్యి ఊపి ముందుకు పోయారు. ఇంకో చుట్టు పోయారు. కుర్ర రేసర్లు హెల్మెట్లు చంకలో పెట్టుకుని తమ వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడ్డారు. చివరికి బసవన్న బండిలో పెట్రోలు అయిపోయి అవతలి గట్టు దగ్గర ఆగింది. వీరభద్రప్ప ముందుకు పోయి గెలవొచ్చు. పోలేదు. క్లచ్చు నొక్కి బండి ఆపి, దిగి, ఇద్దరూ రెండు బండ్లూ తోసుకుంటూ వచ్చారు. దారంతా ఎవరు ముందున్నారన్న వాదనే.

తిరుగుప్రయాణంలో లారీ క్యాబిన్‌లో, బండి వెనక కట్టి ఉండగా, వీరభద్రప్ప ఎడమచేతి బొటనవేలు రుద్దుకుంటూ శివకుమారి వైపు తిరిగాడు.

“నా బొటనవేలు నొప్పని నీకెప్పుడు తెలిసె?”

“ఎడమచేత్తో చెంబు పట్టుకుని ముఖం కడుక్కునేది మానేసినావే, అప్పుడు.”

“నాతో ఒక మాట చెప్పింటే కాదా?”

“చెప్పింటే ఒప్పుకుంటా ఉంటివా?”

ఆయన నిజాయితీగా ఆలోచించాడు. “ల్యా.”

ఆ తర్వాత పెద్ద మార్పులేమీ రాలేదు. వేలికి మందు రాయించుకోవడానికి ఒప్పుకున్నాడు, అదొక్కటే. కొన్ని ఆదివారాలు బసవన్న తన బండిని ట్రాలీలో వేసుకుని కోసిగి నుంచి అంత దూరం వస్తాడు. హంద్రీ ఇసుకలో ఇద్దరూ దుమ్ము లేపుతారు. ఏసన్న గట్టు మీద కూర్చుని ఇద్దరికీ గట్టిగా తప్పులు చెబుతుంటాడు. మధ్యాహ్నం శివకుమారి రొట్టెలు, పుంటికూర పప్పు పట్టుకుని వస్తుంది. ఆ పొద్దు ఎవరు గెలిచారో తేల్చమని ఇద్దరూ ఆమెనే అడుగుతారు. ఆమె ఎవరి పేరూ చెప్పదు. ముందు చేతులు కడుక్కుని రమ్మంటుంది.